బిన్‌ల దగ్గర కనిపించింది ఎలుక కాదు

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫోటో చూశాను. పెస్ట్ కంట్రోల్ వాళ్ళకి ఫోన్ చేయకు తల్లీ. అది హెడ్జ్‌హాగ్, వీపంతా పొట్టి ముళ్ళుండే చిన్న జంతువు. మన ఏదుపందికీ దీనికీ చుట్టరికం కూడా లేదు. మద్రాస్ హెడ్జ్‌హాగ్ అని మన దక్షిణాదిలో ఒకటుంది, ఆంధ్రలోనూ ఉందట, కానీ అక్కడున్నన్నాళ్ళూ నాకు ఒక్కసారి కూడా కనబడలేదు, ఇంగ్లండ్ వచ్చాకే దీని మొహం చూశాను.

నీ పెరట్లోకి అది రావడం అదృష్టమే అనుకో. 2020లో బ్రిటన్ రెడ్ లిస్టులో దీన్ని అంతరించిపోయే ముప్పున్న జంతువుల్లో చేర్చారు. 2022 నివేదిక ప్రకారం 2000 నుంచి పల్లెల్లో ప్రాంతాన్ని బట్టి 30 నుంచి 75 శాతం దాకా తగ్గిపోయాయి. పొలాల మధ్య పొదల వరసలు కొట్టేశారు, పురుగుమందులు చల్లారు, ఇక అవి ఏం తింటాయి, ఎక్కడ పడుకుంటాయి? విచిత్రంగా టౌన్లలో మాత్రం తగ్గడం ఆగింది, కాస్త కోలుకుంటున్న సూచనలు కూడా ఉన్నాయి. అంటే ఇప్పుడు దానికి దిక్కు మనలాంటి వాళ్ళ పెరళ్ళే. అందుకని పెరట్లో వేయడానికి నువ్వు పెట్టిన ప్లాస్టిక్ గడ్డి ఆర్డరు ముందు క్యాన్సిల్ చెయ్. దాని కింద పురుగూ ఉండదు, వానపామూ పైకి రాదు.

అసలు పని కంచె దగ్గరుంది. తిండి కోసం అది ఒక్క రాత్రిలో కిలోమీటరు, ఒక్కోసారి రెండు కిలోమీటర్లు తిరుగుతుంది. నీ పెరడు ఎంత చక్కగా పెట్టినా దానికి ఒక మూలకి సరిపోదు. కంచె అడుగున 13 సెంటీమీటర్ల చదరం కన్నం చాలు, సీడీ డబ్బా పట్టేంత. (మీ వయసు వాళ్ళకి సీడీ డబ్బా గుర్తుందా?) కింద కాంక్రీటు పలక ఉంటే రంపంతో కుస్తీ పట్టకు, దాని కింద మట్టి తవ్వు, లేదా కన్నం ఉన్న పలకలే అమ్ముతారు, అది వేయించు. ముందు ఆ కంచె ఎవరిదో ఇంటి కాగితాల్లో చూసుకో. ఎడమవైపుది మనదే అని ఇక్కడ అందరూ అంటారు గానీ అలాంటి రూలేమీ లేదు.

పక్కవాళ్ళతో మాట్లాడకుండా ఇది కాదు. నేను మొదట తెలివితేటలకి పోయి కాగితాలు ప్రింట్ తీసి పదకొండు ఇళ్ళ తలుపుల్లో వేశాను. ఒక్కరంటే ఒక్కరే పలికారు. మరుసటి నెల గోడ దగ్గర నిలబడి ఒక్కొక్కరినే పలకరిస్తే ఆరుగురు సరేనన్నారు. ఎలుకలొస్తాయని ఒకాయన భయం. వాటికి మన కన్నంతో పనేంటండీ, కావాలంటే కంచె ఎక్కే వస్తాయి కదా అన్నాను, నవ్వేశాడు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో కిర్ట్లింగ్టన్ అనే పల్లె ఉంది, అక్కడ పదుల ఇళ్ళ పెరళ్ళు కన్నాలతో, బుల్లి మెట్లతో, ర్యాంపులతో కలిపేశారు. ఆ ఫోటోలు చూపించు, మాటల కంటే బాగా పనిచేస్తాయి.

తిండి విషయానికొస్తే, పాలూ బ్రెడ్డూ పెట్టకు. మొదటి ఏడాది నేను చేసిన తప్పు అదే. పాలు వాటికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒక గిన్నెలో నీళ్ళు, మాంసం ఉన్న పిల్లి తిండి చాలు. జన్మలో మాంసం ముట్టని నేను సూపర్‌మార్కెట్లో నిలబడి చికెన్‌దా బీఫ్‌దా అని పిల్లి డబ్బాలు ఎంచుతుంటే మీ పెదనాన్న పక్కకి తిరిగి నవ్వుకుంటారు.

షెడ్డులో పాత వాళ్ళు వదిలేసిన నత్తల మందు ఉందేమో చూడు. మెటాల్డిహైడ్ అనే విషం ఉన్నవి 2022 నుంచి బయట వాడకూడదు. బాబు ఫుట్‌బాల్ నెట్ రాత్రిపూట పైకి కట్టెయ్, ముళ్ళు చిక్కుకుంటే బయటపడలేవు. దీపావళి రోజుల్లోనే ఇక్కడ బాన్‌ఫైర్ నైట్, అంటే నవంబర్ 5న కట్టెలు పేర్చి మంటలు వేసే పండగ, కూడా వస్తుంది, అవి శీతాకాలం నిద్రకి చోటు వెతుక్కునే సమయమూ అదే. పేర్చిపెట్టిన కట్టెల కుప్ప వాటికి తయారుగా ఉన్న ఇల్లు. వెలిగించే రోజునే పక్కకి మార్చి పేర్చండి.

పట్టపగలు ఒక హెడ్జ్‌హాగ్ ఎండలో పడుకుని కనిపిస్తే ముద్దుగా ఉందని వీడియో తీయకు, దానికి ఒంట్లో బాగాలేదని అర్థం. మందపాటి గ్లౌజులతో లోతైన అట్టపెట్టెలో పెట్టి, తువ్వాలులో చుట్టిన గోరువెచ్చని నీళ్ళ సంచి పక్కన పెట్టి, బ్రిటిష్ హెడ్జ్‌హాగ్ ప్రిజర్వేషన్ సొసైటీకి ఫోన్ చెయ్.

ఇక హెడ్జ్‌హాగ్‌లు ఎక్కడున్నాయో లెక్క రాసే సంగతి. ఆ సొసైటీ వాళ్ళూ, పీపుల్స్ ట్రస్ట్ ఫర్ ఎండేంజర్డ్ స్పీసీస్ వాళ్ళూ కలిసి 2011లో హెడ్జ్‌హాగ్ స్ట్రీట్ అనే ప్రచారం మొదలుపెట్టారు. వాళ్ళ మ్యాపులో నిన్నటి ఫోటో తేదీ, చోటు ఇవాళే ఎక్కించు. కన్నం పెట్టాక అదీ ఎక్కించు. తర్వాత అడుగుజాడలు పట్టే చిన్న సొరంగం పెడదాం: మధ్యలో తిండి, రెండువైపులా నూనెలో కలిపిన బొగ్గుపొడి, చివర్లలో తెల్ల కాగితాలు. వరసగా ఐదు రాత్రులు పెట్టాలి. హెడ్జ్‌హాగ్ అడుగు పసిపిల్ల అరచెయ్యిలా పడుతుంది. నాకు మొదటి ఏడాది ఐదు రోజులూ పిల్లులే. సిగ్గుపడి ఆ కాగితాలు పారేశాను, తర్వాత తెలిసింది, రాలేదని రాయడం కూడా లెక్కే అని. ఎక్కడ లేవో తెలియకపోతే ఎక్కడికి తిరిగొచ్చాయో ఎలా తెలుస్తుంది? నువ్వు పారేయకు.

శనివారం వస్తాను. రంపం, సొరంగం నా దగ్గరున్నాయి. ఈలోపు పక్కింటావిడతో ఒక మాట అని ఉంచు.

పెద్దమ్మ