అమెరికాకు వచ్చిన సోమాలీ పురుషుల్లో శారీరక శ్రమ ఎందుకు తగ్గుతుంది?

సోమాలియాలో చాలామందికి నడక, పశువులను మేపడం, సాయంత్రపు ఫుట్‌బాల్ రోజువారీ జీవితంలో భాగం. వ్యాయామానికి వేరే వేళ అక్కర్లేదు. 1991లో ప్రభుత్వం కూలి అంతర్యుద్ధం ముదిరాక ఎందరో శరణార్థులుగా దేశం విడిచారు. అమెరికాలో వారు ఎక్కువగా స్థిరపడిన మిన్నెసోటాలో నెలల తరబడి మంచు, ప్రయాణం ఎక్కువగా కారులోనే. టాక్సీ, లారీ నడిపేవారు గంటల కొద్దీ కూర్చోవాలి. స్వదేశంలోని కుటుంబానికి డబ్బు పంపాలి కాబట్టి అదనపు షిఫ్టులూ తప్పవు. దీన్ని సోమరితనం అనడం అన్యాయం.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నా ఉద్దేశంలో జిమ్ సభ్యత్వం కన్నా, నమాజు వేళలకు అడ్డురాని ఇండోర్ ఫుట్‌బాల్, స్నేహితులతో కలిసి మసీదుకు నడక వంటివే ఎక్కువకాలం నిలుస్తాయి. రంజాన్‌లో ఇఫ్తార్ తరువాతి వేళ అనుకూలం. మధుమేహం ఉంటే ముందుగా వైద్యుణ్ణి అడగాలి.