చార్జింగ్ అయిపోయిన వేరేవాళ్ల కారుకి గన్ మనమే పీకేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: హైవే మీద చార్జింగ్ స్టేషన్‌కి వెళ్లారు, ముందున్న కారు నిండిపోయింది, ఓనరు జాడ లేదు, మీ బ్యాటరీలో పద్దెనిమిది శాతమే ఉంది. ఆ గన్, అంటే కారుకి గుచ్చే చార్జింగ్ ప్లగ్గు, తీసి మన కారుకి పెట్టుకుంటే తప్పా? పన్లోపనిగా, హైదరాబాద్ నుంచి బెజవాడ వైపు తిరిగేవాళ్లు కరెంటు కారు కొనొచ్చా అని కూడా అడిగారు.

మూడేళ్లుగా నాది 40.5 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్ కరెంటు కారు. ఉండేది ఎల్.బి.నగర్, ఊరు గుడివాడ పక్కన. ఏడాదికి ఏడెనిమిది సార్లు 65 నంబర్ హైవే మీద అటూ ఇటూ తిరుగుతాను. ఏసీ వేసుకుని తొంభైలో వెళ్తే నాకు 250 కిలోమీటర్లు వస్తుంది, ఊరు మూడు వందల పైమాటే. అంటే దారిలో ఒకసారి ఆగక తప్పదు. అందుకని ఈ స్టేషన్ల దగ్గర నేను గడిపిన గంటలు తక్కువేం కాదు.

ముందు మీ మొదటి ప్రశ్న. చార్జింగ్ నడుస్తున్న కారు గన్ ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దు. అయిపోయినా చాలా కార్లలో అది మీ చేతికి రాదు, ఎందుకంటే సీసీఎస్ గన్‌ని (మన దగ్గర ఎక్కువ కార్లకి ఫాస్ట్ చార్జింగ్‌కి వాడే రకం) కారే లోపలినుంచి లాక్ చేసి పట్టుకుంటుంది, ఓనరు అన్‌లాక్ చేస్తేనే వదులుతుంది. కొన్ని కార్లు నిండగానే వదిలేస్తాయి, అలాంటప్పుడు తీయొచ్చు. అదైనా ఫోన్ చేసి, మనిషిని వెతికి, దొరక్కపోతేనే. బలవంతంగా గుంజారో, కారు లోపల ఆ లాక్ పిన్ విరిగితే ఖర్చు ఎవరిదన్న గొడవ మొదలవుతుంది. స్క్రీన్ మీద 100 శాతం, టైము కనిపించేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత మాట వస్తే అదే సాక్ష్యం.

ఇక్కడితో జవాబు అయిపోయినట్టే గానీ, అసలు సంగతి గన్‌లో లేదు.

రెండేళ్ల కిందట సంక్రాంతికి, భోగి ముందురోజు, అమ్మనీ నా భార్యనీ ఎక్కించుకుని బయల్దేరాను. పండగ ముందు పంతంగి టోల్‌గేటు సంగతి మీకు తెలుసు కదా, అక్కడే గంట పోయింది. కోదాడ దగ్గర ఒక పెద్ద హోటల్ వెనకాల చార్జర్ ఉందని అక్కడికి చేరేసరికి 24 శాతం మిగిలింది. రెండు గన్లు. ఒకదానికి ‘పనిచేయుట లేదు’ అని స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం అంటించి ఉంది. రెండోదానికి కొత్త కారు తగిలించి ఉంది, 93 శాతం. మాకంటే ముందు ఇంకో రెండు కార్లు. ఒకాయన హారన్ కొడుతున్నాడు, ఎవరికి కొడుతున్నాడో ఆయనకీ తెలియదు.

కాసేపు చూసి మా అమ్మ అంది: “అదే పెట్రోలు బంకులో అయితే ఆ కుర్రాడు జరగండి జరగండి అని తోలేవాడు కదరా, ఇక్కడ ఎవరూ లేరే?”

నేను మూడేళ్లలో గమనించినదంతా ఆ ఒక్క మాటలో ఉంది. బంకులో ఒక మనిషి ఉంటాడు. ఎవరు ముందొచ్చారో చూస్తాడు, పంపు పాడైతే పక్క పంపుకి పంపుతాడు, నిండిన బండిని ముందుకు తోసేస్తాడు. చార్జర్ దగ్గర ఒక పెట్టె, ఒక క్యూఆర్ కోడ్, ఎండకి వెలిసిపోయిన కస్టమర్ కేర్ నంబరు. అంతే. మర్యాద తప్పేవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కాదు. చెప్పే కుర్రాడు లేడు, వాళ్లకి తెలియదు.

ఆరోజూ అదే జరిగింది. హోటల్ కౌంటర్‌లో చెప్పి బండి నంబరు కేకేయిస్తే, ఆ కొత్త కారు ఓనరు బిర్యానీ చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చాడు. కారు కొని పన్నెండు రోజులట. “ఇంకో ఏడు శాతమే కదండీ, రెండు నిమిషాల్లో అయిపోతుంది” అన్నాడు. అవ్వదు. బిందె పట్టేటప్పుడు మూతి దాకా వచ్చాక కుళాయి సన్నం చేస్తాం కదా, బ్యాటరీ కూడా అదే పని చేస్తుంది. నా కారులో 20 నుంచి 80 దాకా ఎక్కడానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. 80 నుంచి 100కి కూడా దాదాపు అంతే. అంటే ఆఖరి ఇరవై కోసం మీరు కూర్చున్న టైములో వెనకాయన ఊరు చేరేంత చార్జింగ్ పెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఇది చెప్పగానే ఆయన మారుమాట లేకుండా గన్ తీసేశాడు. “షోరూంలో ఈ ముక్క చెప్పలేదండీ” అని నొచ్చుకున్నాడు కూడా.

ఇంకొకరి తప్పు చెప్పాను కాబట్టి నాదీ చెప్పాలి. కారు కొన్న కొత్తలో, హైదరాబాద్‌లో ఒక మాల్ సెల్లార్‌లో చార్జింగ్ పెట్టి సినిమాకి వెళ్లిపోయాను. తిరిగొస్తే వైపర్ కింద కాగితం: “సార్, మీ బండి 8.10కే ఫుల్ అయింది. ఇప్పుడు 9.30. చిన్నపిల్లతో ఇక్కడే ఉన్నాం.” తిట్టు ఒక్కటి కూడా లేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రే ఒక అట్టముక్క మీద నా ఫోన్ నంబరు రాసి డ్యాష్‌బోర్డులో పెట్టాను, ఇప్పటికీ ఉంది. చార్జింగ్ పెట్టినప్పుడల్లా దాని పక్కన ఎన్నింటికి తీస్తానో చిన్న చీటీ పెడతాను. మా ఆవిడ మాత్రం తను ఒక్కతే వెళ్తే నంబరు పెట్టదు, “లోపల టిఫిన్ సెక్షన్‌లో ఉన్నాం, పిలవండి” అని రాస్తుంది. ఆడవాళ్లకి అదే నయం. చాలా చార్జర్లు హోటల్ వెనకో, మూసేసిన షోరూం పక్కనో, లైటు లేని మూలన పెడతారు. రాత్రి పూట ఆడవాళ్లు ఒంటరిగా ముప్పావుగంట అక్కడ కూర్చోవాలని ఆలోచించినవాళ్లెవరూ ఆ చోటు ఎంచి ఉండరు.

క్యాబ్ డ్రైవర్ల గురించి కూడా మీరు విసుక్కున్నారు, వాళ్లే గన్లన్నీ ఆక్రమించేస్తున్నారని. నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఉప్పల్ దగ్గర ఒకసారి ఒక అన్నతో మాట కలిసింది. అద్దె గదిలో ఉంటాడు, ఇంటి దగ్గర ప్లగ్గు లేదు, రోజుకి రెండుసార్లు బయటే పెట్టుకోవాలి. మనకి చార్జర్ అంటే పండగ ప్రయాణంలో ఒక మజిలీ, అతనికి రోజూ కూలి పోయే గంట. నిజానికి ఏ చార్జర్ పనిచేస్తుందో, ఏది రెండు కార్లు పెడితే స్పీడు సగానికి పంచుతుందో, ఎక్కడ మధ్యాహ్నం కరెంటు పోతుందో వాళ్లకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు. ‘60 కిలోవాట్’ అని బోర్డున్న డబ్బా రెండో కారు తగలగానే చెరో 30 ఇస్తుందని నాకు చెప్పింది ఆ అన్నే. అప్పటిదాకా నా కారులోనే ఏదో లోపం ఉందనుకుని సర్వీస్ సెంటర్ చుట్టూ తిరిగాను. పక్కన ఖాళీ డబ్బా ఉండగా మీరు అప్పటికే ఒక కారు పెట్టి ఉన్న డబ్బా రెండో గన్ తగిలించుకోకండి, ఇద్దరికీ నష్టం.

ఎర్ర బటన్ సంగతి తప్పకుండా చెప్పాలి. చార్జర్ మీద పుట్టగొడుగులా ఎర్రగా ఉంటుంది కదా, అది ప్రమాదం జరిగితే నొక్కడానికి. కొందరు యాప్‌లో ఆపడం తెలియక అది నొక్కేసి గన్ తీసేసి వెళ్లిపోతారు. ఆ బటన్ లోపలికే ఉండిపోతుంది, తర్వాత వచ్చినవాడికి స్క్రీన్ మీద ఏదో ఎర్రర్, ‘చార్జర్ చచ్చింది’ అనుకుని ముప్పై కిలోమీటర్లు అవతలికి పోతాడు. చార్జర్ పనిచేయడం లేదనిపిస్తే ముందు ఆ బటన్ చూడండి. వైర్లు, డబ్బా అంతా సవ్యంగా కనిపించి బటన్ ఒక్కటే లోపలికి ఉంటే, దాన్ని తిప్పి వదిలితే బయటికొస్తుంది. సూర్యాపేట దగ్గర నేను ఇలా ఒక చార్జర్‌ని ‘బతికించాను’, వెనకున్నవాళ్లు నన్ను ఇంజనీరనుకున్నారు. అదీ కాకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి చార్జర్ నంబరు చెప్పండి, చాలావాటిని వాళ్లు అక్కడినుంచే ఆపి మళ్లీ ఆన్ చేయగలరు.

మిగతా తలనొప్పులు గబగబా చెప్పేస్తాను. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్, నా ఫోన్‌లో ఆరు యాపుల్లో కలిపి తొమ్మిది వందల చిల్లర ఇరుక్కుని ఉంది. సెల్లార్లలో సిగ్నల్ రాదు, ఓటీపీ పైన మెట్ల దగ్గర తీసుకుని కిందికి పరిగెత్తాలి. మాల్‌లో చార్జింగ్ డబ్బులు కాక పార్కింగ్ డబ్బులు వేరే. యాప్‌లో ‘24 గంటలు’ అని ఉంటుంది, రాత్రి ఎనిమిదికి వెళ్తే గేటుకి తాళం, వాచ్‌మన్ “సార్ పొద్దున వస్తారన్నా” అంటాడు. పాత ప్రభుత్వ చార్జర్లలో కొన్నింటికి ఉన్న గన్ వేరే రకం, పదిహేను కిలోవాట్ల భారత్ డీసీ-001, మన సీసీఎస్ కార్లకి అది పట్టదు. మ్యాప్‌లో చూసేటప్పుడు చార్జర్ ఉందా అని కాదు, ఏ గన్ ఉందో చూడండి. చార్జర్లు చూపించే ప్లగ్‌షేర్ యాప్‌లో ఆఖరుగా ఎవరు, ఏ రోజు పెట్టుకున్నారో రాస్తారు. నిన్నో మొన్నో ఎవరో పెట్టుకుని ఉంటేనే నేను ఆ చార్జర్‌ని లెక్కలోకి తీసుకుంటాను.

బిల్లు చూసి చాలామంది మోసమనుకుంటారు. యూనిట్ 20 రూపాయలని రాసి ఉంటే చేతికయ్యేది 23.60, పైన 18 శాతం జీఎస్టీ. కరెంటుకి జీఎస్టీ లేదు కదా అంటారు. నిజమే, కానీ 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ చార్జింగ్ అంటే కరెంటు అమ్మడం కాదు, ఒక సేవ అని తేల్చింది. అందుకే స్టేషన్ పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదు, అందుకే మనకి పన్ను పడుతుంది. లైసెన్సు అక్కర్లేకపోవడం వల్లే హోటళ్లూ, కల్యాణ మండపాలూ కూడా చార్జర్లు పెట్టగలిగాయి, అది మంచిదే. పెట్టినవాడు దాన్ని చూసుకోకపోతే అడిగేవాడు లేడు, అది మంచిది కాదు. హైవేలో రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకీ ఒక స్టేషన్ ఉండాలని అదే శాఖ అదే ఏడాది డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. నన్నడిగితే యాభైకి ఒకటి చాలు, నాలుగు గన్లు, ఒక రేకుల షెడ్డు, ఒక లైటు, ఒక మనిషి ఉంటే.

ఊళ్లో చార్జింగ్ గురించి మీరు అడగలేదు గానీ, అక్కడే మీరు ఇరుక్కుంటారు. 15 యాంప్స్ ప్లగ్గు ఉంటే చాలని షోరూంలో చెబుతారు. మా ఇంట్లో ప్లగ్గు ఉంది, మొదటిసారి పెడితే చార్జర్ మీద ఎర్రలైటు, చార్జింగ్ ఎక్కదు. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే అది కరెంటు తీసుకోదు. ఎండాకాలం, ఎర్తింగ్ గొయ్యి బీటలు వారి ఉంది. మా ఊరి ఎలక్ట్రీషియన్ వచ్చి, నవ్వి, రెండు బిందెలు నీళ్లు పోయించాడు. పావుగంటలో పచ్చలైటు. ఆ తర్వాత ఉప్పూ బొగ్గూ వేసి కొత్త గొయ్యి తీయించాం అనుకోండి. పక్కింటి పెదనాన్న మాత్రం ఇప్పటికీ మా కారు నీళ్లతో నడుస్తుందని చెబుతూ ఉంటాడు.

కొనాలా వద్దా అంటే, మీ అపార్ట్‌మెంట్‌లో సొంత మీటరు నుంచి పార్కింగ్ దాకా లైను లాగడానికి అసోసియేషన్ ఒప్పుకుందో లేదో ముందు తేల్చుకోండి. ఒప్పుకుంటే కొనండి. ఒప్పుకోకపోతే ఆ క్యాబ్ అన్న కష్టమే మీదీను, ఆగండి. తెలంగాణలో కరెంటు బండ్లకి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు టాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ లేవు, ఆ మిగులు చూసి మాత్రం తొందరపడకండి. పండగ ముందురోజు, పండగ మర్నాడు తప్ప బెజవాడ దారిలో ఇప్పుడు నాకు పెద్ద ఇబ్బంది లేదు. కోదాడలో ఆగాలనుకుంటే సూర్యాపేటలో ఒకటి చూసి పెట్టుకుంటాను, పది శాతం దాకా లాగను.

మొన్న దసరాకి మళ్లీ అదే కోదాడ హోటల్. చార్జింగ్ పెట్టి లోపలికెళ్లి మూడు కాఫీలు తెచ్చేసరికి అమ్మ డబ్బా పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. కొత్తగా వచ్చిన కారాయనతో అంటోంది: “మావాడిది డెబ్భై ఆరు అయింది బాబూ, ఇంకో నాలుగు అవగానే తీసేస్తాం. మీ ముందు ఆ తెల్ల కారు వాళ్లున్నారు, వాళ్ల తర్వాత మీరు. ఆ ఎర్రదాని మీద మాత్రం చెయ్యి వెయ్యకండి.”