కుందేలు కాలు విరిగింది, క్లినిక్ 38 వేలు అడుగుతోంది: లోన్ యాప్‌లో అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై పెరంబూరులో తమ్ముడితో కలిసి అద్దెకుంటున్నాను. అంబత్తూరులో ఒక కంపెనీలో అకౌంట్స్ పని. చేతికి 29,000 వస్తుంది. అద్దె, ఇంటి ఖర్చులు, బస్సు పాసులు కలిపి 19,500. అమ్మకు 5,000 పంపుతాను. నెలకు 2,000 చొప్పున ఏడాది ఆర్‌డీ కడుతున్నాను, 11 వాయిదాలు అయ్యాయి. ఐదు నెలల తర్వాత తమ్ముడి కాలేజీ ఫీజు 22,000 కట్టాలి, ఆ డబ్బు అందుకే. సేవింగ్స్ ఖాతాలో 9,000 ఉంది. మా కుందేలు చిట్టికి రెండేళ్లు. నిన్న సాయంత్రం తమ్ముడి చేతుల్లోంచి జారి పడి వెనక కాలు విరిగింది. దగ్గర్లోని క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, ఒక ఇంజెక్షన్ చేసి, ప్లేటు వేసి ఆపరేషన్ చేయాలి, 38,000 అవుతుందన్నారు. క్రెడిట్ కార్డు ఉంది. ఒక లోన్ యాప్ వెంటనే 30,000 ఇస్తానంటోంది. అమ్మేమో 'కుందేలుకి 38 వేలా, నీకు మతి ఉందా' అంటోంది. తమ్ముడు నిన్నటి నుంచి సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: యాప్ వద్దమ్మా. కార్డు కూడా ఇప్పుడే బయటికి తీయకండి. ముందు చిట్టిని వేపేరి తీసుకెళ్లండి, అదీ ఈ రోజే.

వేపేరిలో 1903లో మొదలైన మద్రాసు వెటర్నరీ కాలేజీ ఉంది. ఇప్పుడది తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. దాని బోధనాస్పత్రిలో సర్జరీ, ఎక్స్‌రే విభాగాలున్నాయి. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పీజీ చదివే డాక్టర్లు చూస్తారు. ప్రభుత్వ సంస్థ కాబట్టి ప్రైవేటు క్లినిక్‌తో పోలిస్తే ఫీజులు చాలా తక్కువ. కొన్ని మందులు, సామాన్లు బయట కొనాల్సి రావచ్చు. అయినా లెక్క వేరుగా ఉంటుంది. ఎగ్మోర్ పక్కనే కాబట్టి పెరంబూరు నుంచి ఆటోలో పెద్ద దూరం కాదు. క్యూ మాత్రం ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి. మీరు ఆఫీసులో పర్మిషన్ పెట్టుకుని తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లండి. ఒకరు చీటీ కోసం నిలబడితే ఒకరు చిట్టిని చూసుకోవచ్చు. పైగా ఇంట్లో కూర్చుని కుమిలిపోవడం కంటే వెంట ఉండి సాయం చేయడం ఆ అబ్బాయికి మంచిది. జరిగినదానికి అతన్ని ఏమీ అనకండి. కుందేలు ఎముకలు చాలా తేలిక. దాని ఒంటి బరువులో అస్థిపంజరం 7-8 శాతమే ఉంటుంది, అదే పిల్లిలో 12-13 శాతం. వెనక కాళ్ల కండలేమో బలమైనవి. భయపడి ఒక్క తన్ను తన్నిందంటే పెద్దవాళ్ల చేతుల్లోంచి కూడా జారిపోతుంది.

బయల్దేరే ముందు నిన్నటి క్లినిక్ నుంచి రెండు తీసుకోండి: ఎక్స్‌రే కాపీ ఒకటి, చేసిన ఇంజెక్షన్ పేరూ టైమూ రాసిన చీటీ ఒకటి. ఎక్స్‌రేకి డబ్బు కట్టారు కాబట్టి కాపీ అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అది చేతిలో ఉంటే మళ్లీ తీయాల్సిన అవసరం తప్పవచ్చు. చిట్టిని అడుగున టవల్ పరిచిన అట్టపెట్టెలోనో, మూత ఉన్న బుట్టలోనో పెట్టి తీసుకెళ్లండి. చేతుల్లో ఎత్తుకుని వెళ్లొద్దు.

డబ్బు సలహా అడిగితే వైద్యం చెబుతున్నారేమిటి అనుకోకండి. మీ విషయంలో ఈ రెండూ విడదీయలేనివి. నొప్పితో ఉన్న కుందేలు తిండి మానేస్తుంది. 12 గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే పేగుల కదలిక ఆగిపోయే ప్రమాదం ఉంది. కాలు విరిగి చనిపోని కుందేలు దీంతో చనిపోవచ్చు. అప్పుడు మీకు కాలి బిల్లు ఒకటి, పేగుల బిల్లు ఒకటి. 'జీతం పడ్డాక చూద్దాం' అని ఆగితే ఖర్చు పెరుగుతుందే గానీ తగ్గదు. ఈ రోజు కావాల్సింది మూడే: నొప్పి తగ్గించే మందు, కాలు కదలకుండా కట్టు, దాని కడుపులోకి తిండి. ఈ మూడింటికీ 38,000 అక్కర్లేదు. ఆపరేషన్ గురించి ఆలోచించడానికి మీకు టైమిచ్చేవి కూడా ఇవే.

ఖర్చు తగ్గిద్దామని ఇంట్లో ఉన్న మాత్రలు మాత్రం వేయకండి. మనుషుల నొప్పి మాత్రలు వద్దు. మిగిలిపోయిన అమాక్సిసిలిన్ (యాంటీబయాటిక్) అసలు వద్దు. దాన్ని నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గోమార్లు పోవడానికి కుక్కలకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా కుందేళ్లకు విషమే. ఆపరేషన్ ఖాయమైతే 'రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు' అని తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పవచ్చు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి మనుషుల్లా, కుక్కల్లా పస్తు పెట్టరు. డాక్టర్‌ని అడిగి, ఆయన చెప్పినట్టే చేయండి.

ఇక 38,000 సంగతి. ఆ క్లినిక్ మోసం చేస్తోందని నేననను. పలచని, పెళుసు ఎముకకు ప్లేటు వేయడం, కుందేలుకు మత్తు ఇవ్వడం నైపుణ్యం కావాల్సిన పనులు. కానీ మీకు ఒకే అంకె చెప్పారు. దాన్ని విడదీసి రాసివ్వమని అడగండి: ఆపరేషన్‌కి ఎంత, మత్తుకి ఎంత, ప్లేటుకి ఎంత, ఎన్ని రోజులు ఉంచుకుంటారు, తర్వాత కట్లకు, ఎక్స్‌రేలకు ఎంత. పశువైద్యశాలలు చేసే వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. డాక్టర్ ఫీజు మీద, ఆపరేషన్ మీద జీఎస్టీ వేసి ఉంటే ఎందుకని అడగండి. మందులకు మాత్రం పన్ను ఉంటుంది.

వేపేరిలో సర్జన్‌ని అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది: ప్లేటు కాకుండా ఇంకే దారులున్నాయి? కొన్ని విరుగుళ్లు కట్టు వేసి, చిన్న జాగాలో కదలకుండా ఉంచితే అతుక్కుంటాయి. కొన్నింటికి ప్లేటో, పిన్నో తప్పదు. కొన్నిసార్లు కాలు తీసేయడం మేలు. వినడానికి కష్టంగానే ఉంటుంది, కానీ మూడు కాళ్లతో హాయిగా తిరిగే కుందేళ్లు ఎన్నో ఉన్నాయి. సాధారణంగా ప్లేటు కంటే దానికి ఖర్చు కూడా తక్కువ. అలాగే వెన్నెముక బాగుందా, మూత్రం సరిగ్గా పోస్తోందా అని తప్పక చూపించుకోండి. వెన్ను దెబ్బతిని ఉంటే కాలి మీద 38,000 పెట్టాక ఆ సంగతి తెలియడం ఘోరం.

ఇప్పుడు మీ డబ్బు లెక్క చూద్దాం. సేవింగ్స్‌లోని 9,000లో 4,000 ముట్టుకోకండి. ఇద్దరే ఉంటున్న ఇల్లు, రేపు మీకే జ్వరం వస్తే కావాలి కదా. మిగతా 5,000 వెంటనే వాడండి. వేపేరిలో మొదటి రోజులు దాంతో గడిచిపోవచ్చు. అది చాలకపోతే ఆర్‌డీని ముందే మూసేయండి. ఆర్‌డీ పగలగొట్టడమంటే మనవాళ్లకు పాపం చేసినట్టు అనిపిస్తుంది. కానీ 11 నెలలు కట్టిన 22,000 మీద మీకు వచ్చే వడ్డీయే ఏడెనిమిది వందలు. ముందే మూసినందుకు అందులో కొంత పోతుంది, మీరు కట్టిన అసలు సొమ్ము ఎక్కడికీ పోదు.

మరి తమ్ముడి ఫీజు? ఆర్‌డీకి కట్టే 2,000 ఆగుతుంది, నెలాఖరుకు మీకు 2,500 మిగులుతోంది. రెండూ కలిపి నెలకు 4,500 పక్కన పెడితే ఐదు నెలలకు 22,500. ఫీజు 22,000. మధ్యలో సినిమాలు, బట్టలు, ఊరికి అదనపు ప్రయాణాలు బంద్. కష్టమే గానీ కుదురుతుంది. జీతం పడిన రోజే ఆ 4,500 వేరే ఖాతాలోకి పంపేయండి.

అంటే అప్పు లేకుండా మీరు పెట్టగలిగేది 27,000. దాన్నే హద్దు చేసుకోండి, అదీ ఆస్పత్రి మెట్లు ఎక్కే ముందే. టేబుల్ మీద నొప్పితో ఉన్న ప్రాణిని చూస్తూ ఎవరం సరైన లెక్క వేయలేం. హద్దు పెట్టుకోవడమంటే ప్రేమ తక్కువని కాదు. మీ జీతం మీద నెల్లూరులో అమ్మ, ఇక్కడ తమ్ముడు కూడా ఆధారపడి ఉన్నారు. డాక్టర్‌కి కూడా దాచకుండా 'నా దగ్గర ఇంతే ఉంది, ఇందులో చిట్టికి నొప్పి లేకుండా చేయగలిగినది ఏమిటి' అని అడగండి. చాలామంది డాక్టర్లు ఈ మాట విన్నాక ఇంకో దారి చెబుతారు.

కార్డు ఎందుకు వద్దన్నానో చూడండి. సేవింగ్స్‌లోంచి 9,000 పెట్టి మిగతా 29,000 కార్డు మీద గీకారనుకోండి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 1,015 రూపాయలు, దాని మీద జీఎస్టీ 18 శాతం. దాదాపు 1,200. మీరు నెలకు 2,500 కడితే మొదటి నెల అప్పు తీరేది 1,300 మాత్రమే. ఇలా తీరడానికి దాదాపు 16 నెలలు పడుతుంది, మొత్తం 40,000 పైగా కడతారు. ఆ లోపు అదే కార్డు మీద బియ్యం కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ. కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం ఇంకా దారుణం.

యాప్ సంగతికొస్తే, ఆర్‌బీఐ నియమాల ప్రకారం అప్పిచ్చేవాళ్లు అన్ని ఛార్జీలూ కలిపిన వార్షిక రేటును ముందుగానే ఒక పత్రంలో చూపించాలి. డబ్బు ఆ బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ నుంచి నేరుగా మీ ఖాతాలో పడాలి. మీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి వీల్లేదు. ఆ పత్రం ఇవ్వకుండా కాంటాక్టులు అడిగిందంటే ఆ యాప్‌ని అప్పుడే డిలీట్ చేయండి. పద్ధతి గల సంస్థే అయినా, మీ ఆదాయానికి ఈ పని కోసం 30,000 అప్పు ఎక్కువ. రెండు మూడు వేలు తక్కువ పడితే ఆఫీసులో శాలరీ అడ్వాన్స్ అడగండి, లేదా బాగా తెలిసినవాళ్ల దగ్గర చేబదులు తీసుకుని తేదీ చెప్పి ఇచ్చేయండి.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. మన దగ్గర పెట్ పాలసీలు ప్రధానంగా కుక్కలకు, పిల్లులకే. పైగా దెబ్బ తగిలాక తీసుకున్న ఏ పాలసీ ఆ దెబ్బకు పనికిరాదు. ఆరోగ్య బీమాకు, వైద్య ఖర్చులకు ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపు కూడా పెంపుడు జంతువుల వైద్యానికి వర్తించదు.

మీకు ఇంకో సలహా కూడా వచ్చి ఉంటుంది: 'రోడ్డు మీద దొరికిందని చెప్పి ఏదైనా షెల్టర్‌లో ఇచ్చేయ్, ఫ్రీగా చేస్తారు' అని. దయచేసి అలా చేయకండి. దశాబ్దాలుగా చెన్నైలో పనిచేస్తున్న బ్లూ క్రాస్ లాంటి సంస్థలు ప్రధానంగా ఎవరూ లేని జంతువుల కోసం ఉన్నాయి. అక్కడ ఉండే కొద్దిపాటి చోటు వాటికి కావాలి. మీ పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పి సాయం అడిగితే తప్పు లేదు, అబద్ధం మాత్రం వద్దు.

మీ అమ్మగారి మాటకు నొచ్చుకోకండి. కూతురు అప్పుల్లో పడుతుందేమో అన్న భయం అది. '38 వేలు పెట్టడం లేదమ్మా, అప్పు చేయడం లేదు, తమ్ముడి ఫీజు ఆగదు, నీకు పంపే 5,000 తగ్గదు' అని అంకెలతో చెప్పండి. ఆవిడ వినాలనుకుంటున్నది కుందేలు గురించి కాదు, మీ గురించి.

ఒకటి చెప్పక తప్పదు. వెన్ను పూర్తిగా దెబ్బతిందనీ, నొప్పి తగ్గించే మార్గం లేదనీ సర్జన్ చెబితే, బాధ లేకుండా నిద్రపుచ్చడం గురించి ఆయనతో మాట్లాడండి. ఆ నిర్ణయం తీసుకోవాల్సి వస్తే, డబ్బు లేక చంపుకున్నానని జీవితాంతం మోయకండి. అప్పుడు ఎంత డబ్బున్నా నిర్ణయం అదే అయ్యేది.

ఫీజు కట్టేశాక నెలకు 500 చిట్టి పేరు మీద వేయండి. బాగా చూసుకుంటే కుందేళ్లు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతాయి, ఈ ఖర్చు చివరిది కాదు. చిట్టి ఆడదైతే, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి మొదటి డబ్బు వాడండి. అది చేయని ఆడ కుందేళ్లకు వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. ఇంట్లో టైల్స్ మీద కాళ్లు జారకుండా పాత చాప ఒకటి పరవండి. ఇకపై ఎత్తుకోవడం కంటే నేల మీద కూర్చుని ఆడుకోమని తమ్ముడికి చెప్పండి.

వేపేరిలో ఏం చెప్పారో, రాసిచ్చిన అంచనా ఎంతో నాకు పంపండి. అది 27,000 దాటితే ఎక్కడా సంతకం పెట్టకముందే రాయండి, ఆ రోజే జవాబిస్తాను.