ప్రార్థన విన్నపమే కావచ్చు, కానీ అది ఆ అబ్బాయి ఇంటి మాట

ప్రశ్న: మాది తెనాలి. నాకు 33 ఏళ్లు, బ్యాంకులో పనిచేస్తున్నాను. నిరుడు మా చర్చి సంఘంలో యూత్ పిల్లల కోసం మెంటర్ కార్యక్రమం మొదలుపెట్టి, నాకు ఇంటర్ చదివే పదహారేళ్ల అబ్బాయిని అప్పగించారు. ఏడు నెలలు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని లెక్కలు చెప్పాను. రెండుసార్లు ఫీజుకు డబ్బిచ్చాను. వాళ్ల నాన్న తాగొచ్చి గొడవ చేస్తాడని ఒకరోజు ఏడ్చాడు. మనసాగక, బుధవారం కూటంలో ఆ కుటుంబం కోసం ప్రార్థించమని అందరినీ అడిగాను. ఆ తర్వాత రెండు వారాలకు రావడం మానేశాడు. ఫోన్ ఎత్తడు. ఇంత చేసినా కృతజ్ఞత లేదు. నా భార్యకు ఆరో నెల, ఆదివారాలు ఇంట్లో ఉండనని తనకీ కోపం. ఇక మానేస్తే తప్పా?

జవాబు: బుధవారం కూటం సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను.

ఆ అబ్బాయి తన ఇంటి మాట మీ ఒక్కరికే చెప్పాడు. బహుశా అంతకుముందు ఇంకెవరికీ చెప్పి ఉండడు. మీరు దాన్ని ప్రార్థన కోసమే ఎత్తారు, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ కూటంలో విన్నవాళ్లు మర్నాడు కూరగాయల దగ్గర వాళ్లమ్మ కనబడితే ఏమంటారు? "మీ ఆయన కోసం ప్రార్థన చేస్తున్నామమ్మా" అంటారు. ప్రేమగానే అంటారు. ఆ మాట తండ్రి చెవిన పడి ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. కారణం అదేనని ఖాయంగా చెప్పలేను గానీ, రెండు వారాల తేడా చూస్తే నాకు అలాగే తోస్తోంది. అతనికి కృతజ్ఞత లేదని మాత్రం అనకండి. పదహారేళ్ల పిల్లవాడికి ఇంటి పరువు ప్రాణంతో సమానం. పేరు చెప్పకుండా "నాకు తెలిసిన ఒక కుటుంబం" అన్నా ప్రార్థన ప్రార్థనే కదా.

కాబట్టి ముందు క్షమాపణ. ఇంటికి వెళ్లకండి, తండ్రి ఎదురుపడితే వాడికే ఇబ్బంది. చిన్న మెసేజ్ చాలు: "తమ్ముడూ, నీ ఇంటి మాట నిన్ను అడగకుండా నలుగురిలో చెప్పాను. తప్పు నాది. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం వరండాలో ఉంటాను. నీకు రావాలనిపిస్తేనే రా." దాని కింద బైబిల్ వాక్యాలు చేర్చకండి, ఎందుకలా చేశారో వివరించకండి. అతన్ని తీసుకురమ్మని యూత్ పిల్లల్ని పంపకండి. నాలుగు ఆదివారాలు అరగంట చొప్పున అక్కడ కూర్చోండి, వచ్చినా రాకపోయినా.

బైబిల్లో బర్నబా, మార్కుల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పంఫూలియలో పని మధ్యలో వదిలేసి వెళ్లిపోయిన కుర్రాణ్ణి మళ్లీ వెంటబెట్టుకోవడం పౌలుకు ఇష్టం లేకపోయింది. బర్నబా మాత్రం మార్కును తీసుకుని కుప్ర (సైప్రస్) దీవికి ఓడెక్కాడు. మీ విషయంలో వదిలి వెళ్లేలా చేసింది మీరే కావచ్చు గనుక, ఓర్పు ఇంకాస్త ఎక్కువే కావాలి.

మానేయడం తప్పు కాదు. చెప్పకుండా మాయమవడం తప్పు. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే మెంటర్ సంస్థ కలిపిన పెద్దలు-పిల్లల జంటల మీద 2002లో వెలువడిన అధ్యయనంలో, ఏడాది పైబడి సాగిన స్నేహాల వల్లే పిల్లలకు ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలలలోపే తెగిపోయినచోట పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం తగ్గింది. మీరు ఏడు నెలలు నిలబడ్డారు. మానాలనుకుంటే నెల ముందే చెప్పి, మరో అన్నను మీరే పరిచయం చేసి తప్పుకోండి.

డబ్బు మీ చేత్తో ఇవ్వకండి. బాకీ ఉన్నవాడు ఎదురుపడడానికి సిగ్గుపడతాడు. ఫీజు అవసరమైతే పాస్టర్ గారితో మాట్లాడి సంఘం నిధి నుంచి ఇప్పించండి.

అతను తిరిగొస్తే "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. "నీకు గానీ అమ్మకు గానీ ప్రమాదం ఉంటే తప్ప చెప్పను, చెప్పేముందు నీకే చెబుతాను" అనండి. తండ్రి అతన్ని కొడుతుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098, తల్లిని కొడుతుంటే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉన్నాయి. చచ్చిపోవాలనుందని అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ఇతనైనా మరో పిల్లయినా తమపై లైంగిక వేధింపు జరిగిందని చెబితే, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం మీ బాధ్యత. సంఘం పరువని పెద్దలు లోపల్లోపల సర్దేస్తామన్నా ఒప్పుకోకండి.

ఇక మీ భార్య కోపం న్యాయమైనదే. ఆరో నెలలో మనిషికి పక్కన మనిషి కావాలి. ఈ నాలుగు వారాల అరగంట గురించి ముందు ఆమెతో చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. తర్వాత నెలకు రెండు ఆదివారాలు, గంటకు మించకుండా పెట్టుకోండి. కాన్పు సమయంలో కొన్నాళ్లు రాలేనని అబ్బాయికి ఇప్పుడే తెలియాలి. ఈ రాత్రి ఆమెతో మాట్లాడండి, మెసేజ్ రేపు పంపండి.