అల్లికలో మొదటి వరుస కుట్లు ఎక్కించడానికి ఏ పద్ధతి నేర్చుకోవాలి?

కూతురి పురిటికి అమెరికా వెళ్తూ పుట్టబోయే బిడ్డకు టోపీ, స్వెటర్ అల్లుకుని వెళ్దామనుకుంటున్నారనీ, వీడియోలు చూస్తే సూదిపైకి కుట్లు ఎక్కించడానికే ఇరవై పద్ధతులు కనిపించి గాభరా పుట్టిందనీ రాశారు. మూడు చాలు: తోక దారం, జర్మన్ ట్విస్టెడ్, కేబుల్. బొటనవేలికి దారం మెలితిప్పి సూదికి తగిలించే పద్ధతి అన్నిటికంటే తేలిక కాబట్టి అందరూ ముందు అదే నేర్పుతారు. నా మాట వింటే దానితో ఏ బట్టనూ మొదలుపెట్టకండి. రెండో వరుస అల్లుతున్నకొద్దీ కుట్టుకూ కుట్టుకూ మధ్య దారం సాగుతూ పోయి, చివరికి అంచు పాత పరికిణీ బొందులా వేలాడుతుంది.

నేను అల్లిక నేర్చుకున్నది ఢిల్లీలో, 1987 చలికాలంలో. మా వారిది కేంద్ర ప్రభుత్వోద్యోగం కావడంతో క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మధ్యాహ్నం వంటపని కాగానే ఆడవాళ్ళందరూ ఊలు ఉండలు పట్టుకుని మేడ మీది ఎండలోకి చేరేవారు. పక్కింటి పంజాబీ పెద్దావిడను అందరం బీజీ అని పిలిచేవాళ్ళం, నాకు గురువు ఆవిడే. అందుకే నాకిప్పటికీ కుట్టు అంటే ఫందా, తిన్నని కుట్టు సీధా, తిరగేసిన కుట్టు ఉల్టా, సాగే అంచు బోర్డర్. ఈ మాటలకు తెలుగు వెతుక్కోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

బొటనవేలి పద్ధతితో అల్లిన నా మొదటి మఫ్లర్ అంచు వదులై పాడయ్యాక, బీజీ నాకు తోక దారం పద్ధతి, అంటే వీడియోల్లో లాంగ్ టెయిల్ అంటున్నది, నేర్పారు. తోక దారం, అంటే కొన వైపు వదిలిన దారం, బొటనవేలి మీద, ఉండ వైపు దారం చూపుడువేలి మీద ఉంటాయి. బొటనవేలి ముందు వైపు దారం కింది నుంచి సూదిని పోనిచ్చి, చూపుడువేలి దారాన్ని పట్టుకుని బొటనవేలి ఉచ్చులోంచి బయటికి తీయాలి. మళ్ళీ వదులవుతుందేమోనన్న భయంతో నేను ఒక్కొక్క కుట్టునూ బిగించి లాగి, ఆదిలాబాదులో ఉన్న మా చెల్లెలి రెండేళ్ళ కొడుక్కి స్వెటర్ అల్లి, సంక్రాంతికి స్వయంగా పట్టుకెళ్ళాను. భోగిమంట దగ్గర అందరూ చూస్తుండగా తొడిగితే, వాడి పిడికిలి చేతి బోర్డరు దగ్గర ఇరుక్కుపోయింది. బోర్డర్ సాగుతూనే ఉంది, దాని చివరి అంచు మాత్రం కట్టుతీగలా కదలడం లేదు. పిల్లవాడు కేకలు పెట్టి ఏడుస్తుంటే మా చెల్లెలు, "అక్కా, ఇది స్వెటరా, సంకెళ్ళా?" అంది. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో చెలామణిలో ఉంది.

ఆ స్వెటర్‌ను వెనక్కి తెచ్చి బీజీ ముందు పెడితే, ఆవిడ కత్తెర తీసుకుని బోర్డరుకు పైనున్న వరుసలో ఒక దారాన్ని పుటుక్కున తెంపేశారు. నా గుండె జారిపోయింది. ఆవిడ తాపీగా ఆ వరుస దారాన్ని చివరి వరకూ లాగేసి, విడిపోయిన పై కుట్లను సూదికెక్కించి, బోర్డరును ఈసారి కిందికి అల్లి వదులుగా మూసేశారు. మొదటి అంచు నుంచే విప్పుకుంటూ రావచ్చు కదా అని నేను అడిగితే, పైచివర లాగినట్టుగా అటు నుంచి దారం ఊడి రాదని అప్పుడే చూపించారు. ఒక్కొక్క కుట్టులోంచీ దారం కొనను బయటికి దూర్చుకుంటూ పోవలసి వస్తుంది. మిగతా వరుసల్లో తప్పు చేస్తే పైనుంచి విప్పి దిద్దుకుంటాం. మొదటి వరుసకు ఆ సౌకర్యం లేదు, అందుకే దాని గురించి నేను ఇంత చాదస్తంగా మాట్లాడుతున్నాను.

బిగువు పోవాలంటే లావు సూదితో గానీ రెండు సూదులు కలిపి పట్టుకుని గానీ కుట్లు ఎక్కించమని అందరూ చెబుతారు. అది ఉత్తమాట. దానివల్ల సూది మీది ఉచ్చులు పెద్దవవుతాయే తప్ప, వాటి అడుగున పరుచుకునే అంచు దారం పెరగదు. సాగవలసింది అంచు దారమే కాబట్టి, ఒక కుట్టు ఎక్కించాక దాని పక్కన కుడిచేతి చూపుడువేలి కొన ఆనించి, ఆ వేలిపట్టు ఖాళీ వదిలి తరువాతి కుట్టు వేయాలి.

ఇక తోక పొడవు. 120 కుట్లు వేస్తూ 112వ దాని దగ్గర తోక అయిపోతే కలిగే దుఃఖం పడినవారికే తెలుసు. సూదికి దారాన్ని పదిసార్లు చుట్టి విప్పి కొలవండి, చుట్టుకొక కుట్టు చొప్పున దాన్ని కుట్ల లెక్కకు తగ్గట్టు హెచ్చించి మీద జానెడు కలపండి. మరొక సంగతి చాలా పుస్తకాల్లో రాయరు, "60 కుట్లు వేసుకోండి" అని చేతులు దులుపుకుంటారు: ఈ పద్ధతిలో కుట్లు వేస్తున్నప్పుడు మీ వైపు కనిపించేదే నునుపు ముఖం, అది బట్టకు బయటి వైపు రావాలంటే తరువాతి వరుసను ఉల్టా వైపు, అంటే బట్ట లోపలి వైపు, వరుసగా లెక్కపెట్టుకోవాలి.

టోపీకీ, సాక్సుకూ దీనికి తోబుట్టువైన జర్మన్ ట్విస్టెడ్ మేలు. సూదిని బొటనవేలి మీది రెండు దారాల కింది నుంచీ పోనిచ్చి, బొటనవేలి వెనక వైపు దారం మీదుగా ఉచ్చులోకి దించి మీ వైపుకు తెచ్చి, ఆ తరువాత చూపుడువేలి దారాన్ని అందుకుని ఉచ్చులోంచి బయటికి తీయాలి. ఆ అదనపు మెలిక వల్ల అంచు బాగా సాగుతుంది, తోక దారం కూడా ఎక్కువే తింటుంది. మూడోది కేబుల్ పద్ధతి. చివరి రెండు కుట్ల మధ్య నుంచి సూది దూర్చి కొత్త కుట్టు లాగుతారు. దీనికి తోక దారమే అక్కరలేదు. అంచు గట్టిగా వస్తుంది కాబట్టి గుండీ రంధ్రం పైన కుట్లు కలపడానికీ, అల్లిక మధ్యలో వెడల్పు పెంచడానికీ వాడతాను, పసిపిల్లల టోపీకి మాత్రం వద్దు.

సూదుల నంబర్లతో జాగ్రత్త. మన దుకాణాల్లో దొరికే పాత లెక్కలో నంబరు పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా లెక్క దీనికి తలకిందులు. మన 10 నంబరు 3.25 మిల్లీమీటర్లు, వాళ్ళ 10 నంబరు 6 మిల్లీమీటర్లు. అక్కడి వీడియో చూసి ఇక్కడి సూదితో అల్లితే టోపీ నిమ్మకాయకు సరిపోతుంది. మిల్లీమీటర్లే చూడండి.

మీ టోపీకి 4 మిల్లీమీటర్ల సూది, అంటే మన 8 నంబరు, పది సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చే మెత్తని ఊలు తీసుకోండి. సుమారు ఒకటిన్నర మీటర్ల తోక వదిలి జర్మన్ ట్విస్టెడ్‌లో 72 కుట్లు ఎక్కించి, రెండు సీధా, రెండు ఉల్టా బోర్డరుతో మొదలుపెట్టండి. నాలుగు వరుసలయ్యాక ఆ అంచును రెండు చేతులతో లాగి చూడండి. సాగకపోతే అప్పటికప్పుడే ఊడదీసి మళ్ళీ వేయండి, నాలుగు వరుసలే కదా.