కాపీ ఎక్కడ తయారవుతోంది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందిందమ్మా. బ్రాడ్‌బ్యాండ్ కస్టమర్ల కోసం రూటర్‌లో మల్టీకాస్ట్ (ఒకే ప్రసారాన్ని అడిగిన వాళ్లందరికీ ఒక్క ప్రవాహంగా పంపే పద్ధతి) ఎలా పెట్టాలో తెలుగులో రాద్దామని నీకు తోచినందుకే ముందు సంతోషించాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఇంగ్లీషు మాన్యువల్ ముందేసుకుని, అర్థంకాని చోట పక్క సీటాయన ఎప్పుడు ఖాళీ అవుతాడా అని కాచుకునేవాణ్ని. నీ వ్యాసం ఏ జిల్లా కేంద్రంలోనో రాత్రి డ్యూటీలో ఒక్కడే కూర్చున్న కుర్రాడు చదువుతాడు. అతన్ని తలుచుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండుసార్లు చదివాను. కమాండ్లలో తప్పు లేదు. కానీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు వెతికాను, దొరకలేదు. కాపీ ఎక్కడ తయారవుతోంది?

ఒక హెచ్‌డీ ఛానల్ సెకనుకు 8 మెగాబిట్లు అనుకో. క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది, వెయ్యి ఇళ్లలో అదే ఛానల్ పెట్టారు. ఎవరికి వారికి విడిగా పంపాలంటే హెడ్‌ఎండ్ (ఛానళ్లు బయల్దేరే కేంద్రం) నుంచి 8 గిగాబిట్లు బయల్దేరాలి. మల్టీకాస్ట్‌లో బయల్దేరేది 8 మెగాబిట్లే. తక్కిన కాపీలన్నీ దారి చీలిన చోట్ల పుడతాయి. ఆ చోటు ఇంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత లాభం. ఐజీఎంపీ (ఇంటి బాక్సు రూటర్‌ను ఛానల్ అడిగే పద్ధతి), పిమ్ (రూటర్లు ఒకదాన్నొకటి అడిగే పద్ధతి), స్నూపింగ్ (మధ్యలోని స్విచ్ ఆ మాటలు చాటుగా వినడం) అంటూ నువ్వు రాసిన సెట్టింగులన్నీ ఆ చోటును ఇంటివైపు జరపడానికో, అక్కడ కాపీ తియ్యాలా వద్దా అని తేల్చడానికో ఉన్నవే. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే ఏ కమాండ్ ఎందుకుందో చదివేవాడికి దానంతటదే తెలుస్తుంది. స్టీవ్ డీరింగ్ 1989లో ఐజీఎంపీ మొదటి ప్రమాణం రాసిన చరిత్రకు నువ్వు ఒక పేజీ ఇచ్చావు. దానికి ఒక వాక్యం చాలు.

మల్టీకాస్ట్‌ను పంట కాలువతో పోల్చావు, ఆ పోలిక తీసెయ్యమ్మా. చదవడానికి బాగుంది, విషయానికి అడ్డం తిరుగుతుంది. కాలువ నీళ్లు పంచుకున్నకొద్దీ తగ్గుతాయి. పైవాళ్లు తూములు ఎత్తేస్తే శివారు రైతుకు అందవు. ఇక్కడ పదిమంది చూస్తున్నారని పదకొండోవాడికి బొమ్మ తగ్గదు. దండోరా అన్నా కుదరదు, అది అక్కర్లేని వాడి చెవినా పడుతుంది, అంటే బ్రాడ్‌కాస్ట్. నాకు కుదిరిన పోలిక దినపత్రిక. పేజీలు ప్రింటింగ్ సెంటర్‌కు ఒక్కసారే వెళ్తాయి, ప్రతులు అక్కడ అచ్చవుతాయి. ఎన్ని వెయ్యాలో ఏజెంట్లు చెబుతారు. రేపటి నుంచి మాకూ వెయ్యండి అంటే జాయిన్, మాకు ఆపండి అంటే లీవ్. ఈ పోలికలో కాపీ పుట్టే చోటు కళ్లకు కనిపిస్తుంది.

ఇక అసలు లోటు దగ్గరికి వస్తాను. పీపీపీఓఈని, అంటే ప్రతి ఇల్లూ లాగిన్ అయి తన సెషన్ తెరుచుకునే పద్ధతిని, నువ్వు రెండు లైన్లలో దాటేశావు. మన దగ్గర ఎన్నో ఇళ్ల కనెక్షన్లు దానిమీదే లాగిన్ అవుతాయి. మల్టీకాస్ట్ లాభాన్ని తినేసేదీ అదే. ఇంటికో సెషన్, సెషన్‌కో నంబరు ఉంటాయి కదా. ఛానల్ ప్యాకెట్ బీఎన్‌జీకి, అంటే ఇళ్ల సెషన్లన్నీ వచ్చి చేరే రూటర్‌కు, చేరగానే రూటర్ దాన్ని ఆ ఇంటి సెషన్ నంబరున్న కవర్లో పెట్టి, ఆ ఇంటి మ్యాక్ అడ్రసు (పరికరం సొంత నంబరు) రాసి పంపుతుంది. పక్కింటికి మళ్లీ ఇంకో కవరు. లోపల ఉన్న ఉత్తరం ఒకటే. కానీ దారిలోని స్విచ్‌లూ, ఫైబర్‌ను ఇళ్లవైపు పంపే ఓఎల్‌టీ పెట్టే సాధారణంగా పైన రాసిన అడ్రసే చూస్తాయి, విప్పి చూడవు. అంటే కాపీలన్నీ బీఎన్‌జీలోనే పుట్టాయి. దానికింద లింకు మీద వెయ్యి ఇళ్లకు వెయ్యి కాపీలు పారుతున్నాయి. నెట్‌వర్క్ నడిమి భాగమైన కోర్‌లో మిగిలిందంతా కింద ఖర్చయిపోయింది.

ఆ కింద ఉన్న జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లు పంచుకునే పద్ధతి) ఫైబరేమో పుట్టుకతోనే మల్టీకాస్ట్‌కు అనుకూలం. ఓఎల్‌టీ నుంచి దిగే వెలుగు స్ప్లిటర్ దాటి 32 ఇళ్లకో 64 ఇళ్లకో ఒకేసారి చేరుతుంది. తనది కానిదాన్ని ఇంట్లోని ఫైబర్ బాక్సు, అంటే ఓఎన్‌టీ, పక్కన పడేస్తుంది. అక్కడ ఒక్క కాపీ వేస్తే 64 ఇళ్లూ చూడొచ్చు. అదే 64 కవర్లు వేశావంటే 512 మెగాబిట్లు, కిందికి ఉన్న సుమారు 2.5 గిగాబిట్లలో ఐదో వంతు ఒక్క ఛానల్‌కే పోయింది. ఈ లెక్క నీ వ్యాసం నడిమధ్య ఉండాలి.

దీనికి విరుగుడు మల్టీకాస్ట్‌కు విడిగా ఒక వీలాన్, అంటే అదే లింకు మీద వేరుచేసిన దారి. ఇంట్లో సెట్‌టాప్ బాక్సు పంపే జాయిన్ పీపీపీఓఈ కవర్లో కాకుండా బయటినుంచి పైకి వెళ్తే ఓఎల్‌టీ స్నూపింగ్‌తో వింటుంది. బీఎన్‌జీ ఆ వీలాన్‌లో ఒక్క కాపీ వేస్తే చాలు, మిగతాది ఓఎల్‌టీ చూసుకుంటుంది. రెండో పద్ధతి కూడా రాయి. జాయిన్ సెషన్‌లోనే బీఎన్‌జీ దాకా వస్తుంది, స్ట్రీమ్ మాత్రం మల్టీకాస్ట్ వీలాన్‌లో దిగుతుంది. జూనిపర్ ఎంఎక్స్ రూటర్లలో దీన్ని ఓఐఎఫ్ మ్యాప్‌తో (ఏ స్ట్రీమ్ ఏ ఇంటర్‌ఫేస్‌లోంచి బయటికి వెళ్లాలో చెప్పే పట్టిక) చేస్తారు. ఇందులో ఎవరు ఏ ఛానల్ అడిగారో రూటర్‌కు తెలుస్తుంది కాబట్టి ప్యాకేజీని బట్టి ఇవ్వొచ్చు, ఆపొచ్చు. అయితే స్ట్రీమ్ ఆ కస్టమర్ వేగాన్ని హద్దులో ఉంచే షేపర్‌కు బయట నడుస్తోంది, లైను సన్నదైతే దాన్ని లెక్కలోంచి తగ్గించుకోవాలి. డైనమిక్ ప్రొఫైల్ గురించి నువ్వు బాగా రాశావు. కస్టమర్ లాగిన్ అయ్యేదాకా అతని ఇంటర్‌ఫేస్ పుట్టనే పుట్టదు, అందుకే పేరు రాయాల్సిన చోట వేరియబుల్ పెడతామన్నావు. ఖాళీలు వదిలిన దరఖాస్తు ఫారం అని ఒక ముక్క చేర్చు.

వైఫల్యాలు రాసేటప్పుడు కస్టమర్ ఫోన్లో ఏమన్నాడో దాంతోనే మొదలుపెట్టు. ఒక చిన్న పట్టణంలో నాకెదురైన సంగతి చెబుతాను. టీవీ పెట్టగానే బొమ్మ వచ్చేది, కాసేపటికి బిగుసుకుపోయేది. ఛానల్ మార్చి వెనక్కి వస్తే మళ్లీ వచ్చేది. వారం రోజులు కేబుళ్లు మార్చారు, బాక్సులు మార్చారు. నేను వెళ్లి ఆ ఇంటి హాల్లో కూర్చుని చేతి గడియారం చూశాను. 4 నిమిషాల 20 సెకన్లకు ఆగింది. రెండోసారీ అంతే. అంటే 260 సెకన్లు. ఐజీఎంపీలో క్వెరీ అంటే ఇంకా చూస్తున్నారా అని రూటర్ అడిగే ప్రశ్న; మామూలుగా క్వెరీకీ క్వెరీకీ మధ్య 125 సెకన్లు, దానికి రెట్టింపు 250, పైన జవాబుకు 10. స్నూపింగ్ చేసే స్విచ్ మొదటి జాయిన్ విని తలుపు తెరిచింది. ఆ తర్వాత ఇంకా చూస్తున్నారా అని అడిగేవాళ్లు ఆ వీలాన్‌లో లేరు. రూటర్‌లో గ్రూపులన్నీ (అంటే ఛానళ్లు) ఎవరూ అడగకపోయినా పారేలా స్టాటిక్‌గా కట్టేసి ఐజీఎంపీ ఆపేశారు. అడగకపోతే బాక్సు చెప్పదు, చెప్పకపోతే స్విచ్ 260కి తలుపు మూసేస్తుంది. ఇలా అడిగే క్వెరియర్ అంటే ఏమిటో నిర్వచనంతో రాస్తే ఎవరికీ గుర్తుండదు. 4 నిమిషాల 20 సెకన్లు అని రాస్తే ఆ రాత్రి డ్యూటీ కుర్రాడు గడియారం తీస్తాడు.

ఇమీడియట్ లీవ్ పెట్టేయమని కళ్లు మూసుకుని సలహా ఇచ్చావు, అక్కడ ఆగు. మామూలుగా లీవ్ రాగానే రూటర్ సెకను వ్యవధితో రెండుసార్లు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగి, తర్వాతే ఆపుతుంది. ఆ రెండు సెకన్లు పాత ఛానల్, కొత్త ఛానల్ రెండూ లైను మీద ఉంటాయి. ఇమీడియట్ లీవ్‌తో అది పోతుంది, నిజమే. కానీ అదే ఇంట్లో లోపలి గదిలో రెండో టీవీలో అదే ఛానల్ చూస్తున్న మామ్మ బొమ్మ కూడా పోతుంది. ఐజీఎంపీ వెర్షన్ 2లో ఒక బాక్సు రిపోర్టు వింటే రెండోది మాట్లాడదు, కాబట్టి రెండో టీవీ ఉందనే రూటర్‌కు తెలియదు. వెర్షన్ 3లో అందరూ చెబుతారు. ఎవరెవరు ఉన్నారో లెక్క పెట్టుకునే రూటర్ అయితేనే ధైర్యంగా పెట్టుకోమను.

ఆర్‌పీఎఫ్ (తిరుగు దారి తనిఖీ) గురించి ఒక పేరా చాలు. సోర్సుకు తిరుగు దారి ఏ ఇంటర్‌ఫేస్‌లో ఉందో, ప్యాకెట్ ఆ ఇంటర్‌ఫేస్ నుంచే రావాలి, లేదంటే రూటర్ చప్పుడు చెయ్యకుండా పారేస్తుంది. ఐపీటీవీలో (బ్రాడ్‌బ్యాండ్ లైను మీద వచ్చే టీవీ) సోర్సు ఎవరో ముందే తెలుసు కనుక 232తో మొదలయ్యే అడ్రసులు వాడితే సోర్సునూ చూసేవాళ్లనూ కలిపే ఆర్‌పీ రూటర్ గొడవ ఉండదని చెప్పు. బాక్సుకు వెర్షన్ 2 మాత్రమే వస్తే రూటర్‌లో ఎస్‌ఎస్‌ఎం మ్యాపింగ్ (ఏ ఛానల్‌కు ఏ సోర్సో రూటరే చూసుకోవడం) కావాలి. టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎంత దూరం పోవచ్చో చెప్పే అంకె, ప్రతి రూటర్ దగ్గరా ఒకటి తగ్గుతుంది) మాట మరిచిపోయావు. ప్రోగ్రామ్ ప్రత్యేకంగా చెప్పకపోతే మల్టీకాస్ట్ ప్యాకెట్ టీటీఎల్ 1తో బయల్దేరుతుంది, మొదటి రూటర్ దగ్గరే చచ్చిపోతుంది. ల్యాబ్‌లో మొదటిరోజు అందరూ పడేది ఈ గుంటలోనే.

ఒక్క వాక్యం మాత్రం కొట్టెయ్. మల్టీకాస్ట్ పెడితే యూట్యూబ్ లోడు తగ్గుతుందని రాశావు. తగ్గదు. అక్కడ ఒక్కొక్కరూ తమకు తోచినప్పుడు తమకు కావల్సింది చూస్తారు, ఎవరి కనెక్షన్ వారిది, ఎన్‌క్రిప్షన్ ఎవరిది వారిదే. మల్టీకాస్ట్ పనికొచ్చేది మన నెట్‌వర్క్ లోపల, అందరూ ఒకే క్షణంలో ఒకే బొమ్మ చూసేటప్పుడు. నీ మాట నమ్మి ఒక చిన్న ఆపరేటర్ డబ్బు పెడతాడు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

భాష సంగతి. జాయిన్‌ను 'బహుళ ప్రసార సమూహ సభ్యత్వ ప్రకటన' అన్నావు. ఆ మాట ఏ ఎన్‌ఓసీలోనూ (నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే కేంద్రం) వినపడదు. వాళ్లు 'జాయిన్ పోవట్లేదు' అంటారు, 'సెషన్ లేచింది' అంటారు, 'బొమ్మ బిగుసుకుపోయింది' అంటారు. ఆ మాటలే రాయి. అది తక్కువరకం తెలుగేమీ కాదు. ఆ పనిలో పుట్టిన తెలుగే అది.

మళ్లీ రాయడానికి కూర్చునే ముందు ల్యాబ్‌లో రెండు పీపీపీఓఈ సెషన్లు లేపు. రెంటిలోనూ ఒకే ఛానల్ పెట్టి, బీఎన్‌జీ కింది లింకు కౌంటర్ చూడు. 8 ఉందా, 16 ఉందా? తర్వాత మల్టీకాస్ట్ వీలాన్ పెట్టి మళ్లీ చూడు. ఆ రెండు అంకెలతో వ్యాసం మొదలుపెట్టి పంపు. వచ్చిన రోజే చదివి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు