తిరుత్తణి దగ్గర మూడెకరాల పొలం, మేముండేది చెన్నైలో. డ్రిప్ వేయిస్తే ప్రభుత్వం ఎంత భరిస్తుంది?

మీ పేరున మొత్తం భూమి 5 ఎకరాల లోపే అయితే మీరు చిన్న రైతు కిందికి వస్తారు. కేంద్ర పథకం నిబంధన ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు సబ్సిడీ 55 శాతం. మిగతాది కలిపి తమిళనాడు 100 శాతం చేస్తోంది. పెద్ద రైతులకు 75 శాతమే.

అయితే ఈ 100 శాతం మీ బిల్లు మీద కాదు, ప్రభుత్వం నిర్ణయించిన యూనిట్ ఖర్చు మీద. అంతకు మించితే ఆ తేడా మీరే కట్టాలి. కాబట్టి కంపెనీ కొటేషన్ జాగ్రత్తగా చదవండి. మంజూరు రాకముందే పైపులు కొనేయకండి, దయచేసి!

ముందు తహసీల్దార్ దగ్గర చిన్న రైతు సర్టిఫికెట్ తీసుకోండి. చిట్టా, అడంగల్ (భూమి ఎవరిది, ఏ పంట ఉందో చూపే రెవెన్యూ రికార్డులు)తో కలిపి దాన్ని తోటల శాఖ ఆఫీసులో ఇవ్వాలి. పట్టా ఇంకా తాతగారి పేరునే ఉంటే మొదట దాన్ని మీ పేరుకు మార్పించుకోండి.